కుక్కకు ఆగని దురద: అలర్జీయేనా, ఇంకేమైనానా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో బంటి అని ఒక ల్యాబ్రడార్ ఉన్నాడు. ఇప్పుడు ఏడేళ్లు. రెండో ఏడు నడుస్తుండగా పాదాలు నాకడం మొదలుపెట్టాడు. మేం పట్టించుకునేసరికి పొట్ట కింద చర్మం నల్లబడి, చెవుల్లోంచి పులిసిన పిండి వాసన వచ్చేది. వాడి దురదకు అసలు కారణం తెలియడానికి మాకు దాదాపు ఏడాదిన్నర పట్టింది. అందులో ఏడాది మా తొందర వల్లే పోయింది. నేను డాక్టర్‌ని కాను. అపార్ట్‌మెంట్ లిఫ్టులో, సాయంత్రం వాకింగ్‌లో కుక్కలున్నవాళ్లు నన్ను ఆపి అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

కుక్కలన్నాక గోక్కోవా? ఎంత గోక్కుంటే టెన్షన్ పడాలి?

నిద్ర లేచి ఒకసారి చెవి వెనక గోక్కోవడం మామూలే. ఆడుతున్న ఆట ఆపి గోక్కోవడం, తింటూ తింటూ ఆగి కాలు కొరుక్కోవడం, రాత్రి పూట చప్పుడుకు మీకు మెలకువ రావడం మాత్రం మామూలు కాదు. ఇంకో సంగతి, కుక్క దురద అంటే గోక్కోవడం ఒక్కటే కాదు. పాదాలు నాకడం, మొహాన్ని సోఫాకేసి రుద్దడం, తల విదిలించడం, పిర్రలు నేలకు రాసుకుంటూ జరగడం, ఇవన్నీ దురద లెక్కలోకే వస్తాయి. (చివరిది ఒక్కోసారి మలద్వారం పక్కనుండే గ్రంథులు నిండినా జరుగుతుంది.) తెల్ల బొచ్చు కుక్కల పాదాల మీద ఇటుక రంగు మరక కనిపిస్తే అది మట్టి కాదు. నాకగా నాకగా లాలాజలం వల్ల పట్టిన రంగు.

నేనైతే రోజూ రాత్రి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసి క్యాలెండర్‌లో రాస్తాను. అసలు గోక్కోకపోతే సున్నా, ఆగకుండా గోక్కుంటే పది. మొదట్లో ఇంట్లో నవ్వారు. ఏ మందు పనిచేసింది, ఏది చేయలేదు అని డాక్టర్ అడిగినప్పుడు ఆ అంకెలే సమాధానం చెప్పాయి.

అలర్జీయా, పురుగులా, గజ్జా? ఇంట్లోనే పోల్చుకోవచ్చా?

ఖాయంగా చెప్పలేం. కానీ దురద ఎక్కడుందో చూస్తే కొంత దారి దొరుకుతుంది.

నడుము కింది భాగం, తోక మొదలు, వెనక తొడలు: ఇక్కడ బొచ్చు ఊడి పొక్కులు ఉంటే ముందు ఫ్లీలను అనుమానించాలి. ఇవి నువ్వుగింజంత ఉండి, పట్టుకోబోతే ఎగిరి దూకే పురుగులు. పేలదువ్వెనతో నడుము మీద దువ్వి, రాలిన నల్ల నలుసులను తడి దూది మీద వేయండి. చుట్టూ ఎర్రగా కరిగితే అది ఫ్లీ రెట్ట, అంటే జీర్ణమైన రక్తం. నల్లగానే ఉంటే ఉత్త మట్టి.

చెవి అంచులు, మోచేతులు, మడమలు, పొట్ట: ఇక్కడ చెక్కు కట్టి, కుక్క పిచ్చెక్కినట్టు గోక్కుంటుంటే గజ్జి కావచ్చు. చెవి అంచును రెండు వేళ్ల మధ్య మెల్లగా రుద్దితే వెనక కాలు దానంతటదే గోకుతున్నట్టు కదులుతుంది. అలా కదిలితే అనుమానం బలపడుతుంది. కదలకపోయినంత మాత్రాన గజ్జి లేదని కాదు.

పాదాలు, మూతి, కళ్ల చుట్టూ, చెవులు, చంకలు, తొడల సందు: ఇవి అలర్జీ చోట్లు. గాలిలోని ధూళి, పుప్పొడి వల్ల వచ్చే అలర్జీ అయినా, తిండి వల్ల వచ్చేదైనా ఇవే చోట్లు పడతాయి. చూసి ఆ రెంటినీ వేరు చేయడం డాక్టర్ వల్ల కూడా కాదు.

ఒంటి మీద ఒక్క పురుగు కూడా కనబడలేదు. అయినా పురుగుల మందు ఎందుకు వేయమంటున్నారు?

నేను కూడా ఈ మాటే అని డాక్టర్‌తో వాదించాను. ఫ్లీ అలర్జీ అంటే ఫ్లీ లాలాజలానికి అలర్జీ. అలాంటి కుక్కకు నాలుగైదు కాట్లు చాలు, రోజుల తరబడి దురద పెడుతుంది. పైగా అది ఒళ్లంతా నాకి, కొరికి పురుగులను మింగేస్తుంది. అందుకే వెతికితే దొరకవు. ఒంటి మీద కనబడే పెద్ద పురుగులు మొత్తం సంతతిలో కొద్ది భాగమే. గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్లు మీ చాప కింద, సోఫా మూలల్లో, కుక్క పరుపులో ఉంటాయి. గూటిలోని పురుగు నెలల తరబడి ఓపిగ్గా కూర్చోగలదు. కాబట్టి ఇంట్లో ఉన్న కుక్కలు, పిల్లులు అన్నిటికీ ఒకేసారి మందు వేయాలి. పరుపు గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి. ఇదంతా కనీసం మూడు నెలలు ఆపకుండా చేయాలి.

మన వాతావరణంలో చలి వచ్చి పురుగులను చంపేయడమంటూ ఉండదు. అందుకని ఏడాది పొడుగునా వేయాల్సిందే. నెలకొకసారి ఇచ్చే నెక్స్‌గార్డ్, సింపారికా, మూడు నెలల దాకా పనిచేసే బ్రవెక్టో లాంటి మాత్రలు ఫ్లీలతో పాటు గోమార్ల మీద, గజ్జి పురుగు మీద కూడా పనిచేస్తాయి. అందుకే చాలామంది డాక్టర్లు మొదట ఇవి రాసి చూస్తారు. కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. మెడ మీద చుక్కలుగా పోసే మందయితే ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. కుక్కల కోసం చేసిన పర్మెత్రిన్ మందు పిల్లికి మాత్రం తగలనివ్వకండి, ప్రాణం మీదకి వస్తుంది.

గోమార్ల గురించి (మా వైపు పిడుదులంటారు) ఒక మాట. వాటి వల్ల దురద కన్నా జ్వరం భయం ఎక్కువ. దురదతో పాటు తిండి మానేసి, నీరసంగా పడుకుని, చిగుళ్లు పాలిపోతే చర్మం సంగతి పక్కన పెట్టి ముందు టిక్ ఫీవర్‌కు రక్తపరీక్ష చేయించండి.

కుక్కతో పాటు మాకూ చేతుల మీద, నడుము దగ్గర దద్దుర్లు వస్తున్నాయి. అంటుకుందా?

అంటుకుని ఉండొచ్చు. గజ్జి కుక్క నుంచి మనుషులకు వస్తుంది. మన ఒంటి మీద ఆ పురుగు ఎక్కువ కాలం బతకదు. కుక్కకు నయమైతే సాధారణంగా మనకూ తగ్గుతుంది. తామర కూడా అంటుకుంటుంది. గుండ్రటి ఎర్ర మచ్చలు కనిపిస్తే, ముఖ్యంగా పిల్లలకు, చర్మ డాక్టర్‌కు చూపించి ఇంట్లో కుక్క ఉందని చెప్పండి. అలర్జీ అంటుకోదు. డెమోడెక్స్ అనే ఇంకో రకం పురుగు వల్ల వచ్చే చర్మరోగం కూడా మనకు అంటదు. గజ్జి కుక్క అని ఇంట్లోంచి తరిమేసిన వాటిలో ఈ డెమోడెక్స్ పట్టిన కుక్కపిల్లలు ఎన్నో ఉంటాయి, పాపం.

డాక్టర్ దగ్గర ఏ పరీక్షలు చేస్తారు? ఖర్చు ఎక్కువా?

మొదట చేయాల్సినవి చవకవే. చర్మాన్ని బ్లేడుతో కొద్దిగా గీకి (దీన్నే స్క్రేపింగ్ అంటారు) మైక్రోస్కోప్ కింద పురుగుల కోసం చూస్తారు. టేపు అంటించి తీసి, రంగు వేసి, బ్యాక్టీరియా, ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం) ఉన్నాయేమో చూస్తారు. చెవిలోంచి కొంచెం గుబిలి తీసి అలాగే చూస్తారు. ఈ మూడూ చేయకుండా నేరుగా ఇంజెక్షన్ వేస్తే అడగడంలో తప్పు లేదు. "ఒకసారి స్క్రేపింగ్ చేస్తారా డాక్టర్ గారూ" అంటే చాలు. గీకినప్పుడు గజ్జి పురుగు దొరకకపోవడం మామూలే కాబట్టి, ఏమీ లేదని వచ్చినా డాక్టర్ గజ్జి మందు ఇవ్వవచ్చు.

దగ్గర్లోని క్లినిక్‌లో మైక్రోస్కోప్ లేకపోతే వెటర్నరీ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రులు మంచివి. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలో అవి ఉన్నాయి. పొద్దున్నే వెళ్లండి, పాత చీటీలన్నీ తీసుకెళ్లండి.

"చికెన్ వేడి చేసింది, మానేసి పెరుగన్నం పెట్టండి" అంటున్నారు. నిజమేనా?

మా పక్కింటి పిన్నిగారు, వాచ్‌మన్, మా మామయ్య, అందరూ ఇదే చెప్పారు. మనం మన ఒంట్లో వేడిని చూసినట్టే కుక్క ఒంట్లోనూ చూస్తాం. తిండి అలర్జీకి వేడితో, చలవతో పనిలేదు. శరీరం ఒక ఫలానా ప్రొటీన్‌ను శత్రువుగా లెక్కగట్టడమే అలర్జీ. కుక్కల్లో ఎక్కువగా బయటపడినవి గొడ్డుమాంసం, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. జాబితాలో పాలున్నాయి చూశారా? చలవ చేస్తుందని పెట్టే పెరుగే దురదకు కారణం కావచ్చు. చికెన్ మానేసి పెరుగన్నానికి మారిన ఇంట్లో ఒక అనుమానితుణ్ని తీసేసి ఇంకో అనుమానితుణ్ని తెచ్చి కూర్చోబెట్టినట్టే.

అలాగని దురద పెట్టే ప్రతి కుక్కకూ తిండి అలర్జీ ఉందనుకోవద్దు. పురుగులు, ఇన్ఫెక్షన్, గాలి అలర్జీల కన్నా ఇది తక్కువ. కాకపోతే తిండి మన చేతిలో ఉంటుంది కాబట్టి అందరం ముందు దాని మీదే పడతాం. మేం ఐదు బ్రాండ్ల ప్యాకెట్లు మార్చాం. ఐదింటిలోనూ చికెన్ ఉందని వెనక అక్షరాలు చదివాకే తెలిసింది. ముందు మటన్ బొమ్మ ఉన్న ప్యాకెట్‌లో కూడా!

మరి తిండి అలర్జీని ఎలా తేల్చాలి? రక్తపరీక్ష ఉందంటున్నారుగా?

తిండి అలర్జీకి రక్తం, లాలాజలం, వెంట్రుకల పరీక్షలు నమ్మదగ్గవి కావు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కూడా పది పదార్థాలు పడవని వస్తాయి. ఆ డబ్బు దాచుకోండి. నమ్మదగిన దారి ఒక్కటే, ఎనిమిది వారాల పథ్యం.

పుట్టినప్పటి నుంచి కుక్క ఎన్నడూ తినని ఒక మాంసం, ఒక పిండిపదార్థం ఎంచుకోవాలి. చికెన్, గుడ్డు, పెరుగన్నం తిని పెరిగిన కుక్కకు చేప, చిలగడదుంప సరిపోవచ్చు. ఉడికించి, ముళ్లు తీసి, ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా పెట్టాలి. మటన్ కొత్తదే అనుకునే ముందు ఆదివారం ఎముకలు ఎవరు తిన్నారో గుర్తుచేసుకోండి. వండటం కుదరనివాళ్లకు ప్రొటీన్‌ను ముక్కలు ముక్కలుగా విడగొట్టి చేసిన హైడ్రోలైజ్డ్ ఆహారం డాక్టర్ రాసిస్తారు. ఖరీదే, కానీ మోసపోయే అవకాశం తక్కువ. ఏడాది లోపు కుక్కపిల్లలకు ఇంటి వంట పథ్యం మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ఎముకలు ఎదిగే వయసు, పోషకాల లెక్క తప్పకూడదు.

ఈ ఎనిమిది వారాల్లో ఇంకేదీ నోట్లోకి పోకూడదు. కష్టమంతా ఇక్కడే. పొద్దున టీతో పాటు నాన్నగారు పెట్టే బిస్కెట్టు, పనమ్మాయి ప్రేమగా వేసే చపాతీ ముక్క, నమిలే బొమ్మ ఎముక, లివర్ రుచి టానిక్, రుచి కలిపిన డీవార్మింగ్ మాత్ర, అన్నీ లెక్కలోకి వస్తాయి. మా బంటి పథ్యం మొదటిసారి ఆరో వారంలో పాడైంది. కారణం మా అమ్మ. "పిచ్చితల్లి, మొహం చూస్తే జాలేసింది" అంది. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాం. రెండోసారి ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను, అమ్మకు మాత్రం చేప ముక్కల డబ్బా ఇచ్చి "ఇది ఎంతైనా పెట్టు" అన్నాను. ఆ ఏర్పాటు పనిచేసింది.

ఎనిమిది వారాలకు దురద బాగా తగ్గితే సగం పని అయినట్టే. మిగతా సగం చాలామంది చేయరు: పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. రెండు వారాల్లోపు దురద తిరిగొస్తే తిండి అలర్జీ రుజువైనట్టు. రాకపోతే తగ్గింది తిండి వల్ల కాదు, వాతావరణం మారిందో, పక్కన వాడిన మందు పనిచేసిందో. రుజువయ్యాక ఒక్కో పదార్థాన్నే కలుపుతూ ఏది పడదో పట్టుకోవాలి.

మా బంటికి చివరికి తిండి అలర్జీ లేదని తేలింది. చికెన్ మళ్లీ తింటున్నాడు.

మరి వాడికున్నదేంటి?

అటోపీ. ఇంట్లో ధూళిలో ఉండే కంటికి కనిపించని పురుగులు, పుప్పొడి, బూజు లాంటి వాటికి చర్మం అతిగా స్పందించడం. సాధారణంగా ఆరు నెలలు, మూడేళ్ల మధ్య మొదలవుతుంది. ల్యాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, పగ్గులు, షిట్జూలు, జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువగా చూస్తాం. దీనికి ఒక పరీక్షతో పేరు పెట్టరు. పురుగులు కావు, ఇన్ఫెక్షన్ కాదు, తిండి కాదు అని ఒక్కొక్కటీ కొట్టేశాక మిగిలేదే అటోపీ. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. షుగరు, బీపీ లాగా అనుకోండి.

చర్మం మీద గుచ్చో, రక్తంలోనో చేసే అలర్జీ పరీక్షలు ఈ దశలో పనికొస్తాయి. అవి రోగం ఉందో లేదో చెప్పడానికి కాదు, పడనివాటినే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే అలర్జీ వ్యాక్సిన్‌లో ఆ కుక్కకు ఏం కలపాలో తేల్చడానికి. ఆ వ్యాక్సిన్ పనిచేస్తోందో లేదో తెలియడానికి ఏడాది దాకా పడుతుంది. అందరికీ పనిచేయదు కూడా.

స్టెరాయిడ్ మంచిదా చెడ్డదా?

మేం మొదట్లో వెళ్లిన ఒక క్లినిక్‌లో ప్రతిసారీ ఒక ఇంజెక్షన్ వేసేవారు. పదిహేను రోజులు స్వర్గం. తర్వాత మళ్లీ మొదలు. ఏమిటని అడిగితే "అలర్జీ ఇంజెక్షన్" అనేవారు. బంటి బకెట్లకు బకెట్లు నీళ్లు తాగేవాడు, ఇంట్లోనే ఒంటేలు పోసేవాడు, ఎప్పుడూ ఆకలే. అది ఎక్కువ రోజులు పనిచేసే స్టెరాయిడ్ అని వేరే డాక్టర్ చీటీ చూసి చెప్పారు.

స్టెరాయిడ్ చెడ్డదేం కాదు. మంట మీదున్న చర్మాన్ని నాలుగు రోజుల్లో చల్లార్చాలంటే అంత చవకగా, అంత త్వరగా పనిచేసే మందు ఇంకోటి లేదు. డాక్టర్ చెప్పిన మోతాదులో మాత్రగా, కొద్ది రోజులు వాడి, మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. ఎక్కువ రోజులు వాడాక హఠాత్తుగా మానేయకూడదు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలతో కలపకూడదు (కుక్కకు అవి విడిగా కూడా ప్రమాదమే). కారణం తెలుసుకోకుండా నెలనెలా వేయించుకోవడమే తప్పు.

దీర్ఘకాలానికి వేరే మందులున్నాయి. అపోక్వెల్ అనే మాత్ర ఒక రోజులోనే దురద తగ్గిస్తుంది, ఏడాది నిండని కుక్కకు ఇవ్వరు. సైక్లోస్పోరిన్ నెమ్మది, నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి. దురద సంకేతాన్నే అడ్డుకునే సైటోపాయింట్ ఇంజెక్షన్ సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. ఏది మీ కుక్కకు సరిపోతుందో వయసు, బరువు, ఉన్న ఇన్ఫెక్షన్లు, మీ జేబు చూసి డాక్టర్ చెప్పాలి. జేబు సంగతి సిగ్గుపడకుండా చెప్పండి.

మెడికల్ షాపులో సెట్రిజిన్ తెచ్చి వేయొచ్చా?

డాక్టర్ మోతాదు చెబితే వేయొచ్చు. కానీ కుక్కల దురద మీద దాని ప్రభావం అంతంత మాత్రమే. ప్రమాదం వేరే చోట ఉంది. జలుబు కోసం ఇంకో మందు కలిపిన సెట్రిజిన్ మాత్రలు, సిరప్‌లు ఉంటాయి. ముక్కు దిబ్బడకు కలిపే సూడోఎఫెడ్రిన్ కుక్కకు విషం. మనుషుల తామర ట్యూబులు కూడా వద్దు. రాసిన నిమిషంలో నాకేస్తుంది, పైగా అందులోని ఘాటు స్టెరాయిడ్ వల్ల గీకి చూసే పరీక్షలో రోగం సరిగా బయటపడదు.

వేపాకు, పసుపు, కొబ్బరినూనె?

వేపాకు నీళ్లతో కడిగితే హాని లేదు, గజ్జి పోదు. కొబ్బరినూనె పొడిబారిన చోట కొంచెం రాయొచ్చు, జిడ్డుగా వాసన వచ్చే చర్మానికి వద్దు. పసుపు పూస్తే డాక్టర్‌కు చర్మం ఎర్రగా ఉందో లేదో కనిపించదు.

కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం మన ఇళ్లలో అలవాటు. కుక్కకు మాత్రం రాయకండి. చర్మం గుండా, నాకితే కడుపులోకి వెళ్లి ఫిట్స్ తెప్పించగలదు. కాలిన ఇంజిన్ ఆయిల్, కిరోసిన్, డెట్టాల్, ఫినాయిల్ సంగతి చెప్పనక్కర్లేదు అనుకునేవాణ్ని. పోయినేడు మా వీధిలో ఒక కుక్కకు ఇంజిన్ ఆయిల్ పూసి వదిలేశారు. ఆ నూనె పోగొట్టడానికి గిన్నెలు తోమే లిక్విడ్‌తో మూడుసార్లు కడిగాం, చర్మం పొరలుగా వచ్చేసింది.

స్నానం ఎన్ని రోజులకోసారి?

చర్మంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు వారానికి రెండుసార్లు, తగ్గాక వారానికో పది రోజులకో ఒకసారి. క్లోరెక్సిడిన్ ఉన్న షాంపూ, ఈస్ట్ కూడా ఉంటే మైకొనజోల్ కలిసినది. షాంపూ పట్టించి పది నిమిషాలు ఆగాలి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, మనసులో లెక్కపెట్టిన పది నిమిషాలు మూడు నిమిషాలకే అయిపోతాయి. గోరువెచ్చని నీళ్లు చాలు, వేడినీళ్లు దురద పెంచుతాయి. వేళ్ల సందులు, చంకలు తుడిచి ఆరబెట్టాలి. మా కృష్ణా జిల్లా ఉక్కలో వానాకాలం తడి బొచ్చు ఆరకపోతే రాత్రికి రాత్రే అరచేయంత పుండు పడుతుంది.

చెవుల్లోంచి వాసన వస్తోంది. ఇంట్లో ఉన్న చుక్కలు వేయనా?

వద్దు. కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడకుండా చుక్కలు వేస్తే వినికిడి పోవచ్చు. ఇయర్‌బడ్స్‌తో తిప్పితే మురికి ఇంకా లోపలికి పోతుంది. మాటిమాటికీ చెవి ఇన్ఫెక్షన్ వచ్చే కుక్కకు వెనక అలర్జీ ఉండే అవకాశం చాలా ఎక్కువ. కొన్నిటికి చెవులు తప్ప ఇంకెక్కడా దురదే ఉండదు.

బొచ్చు మొత్తం గీయించేస్తే?

హస్కీ, పొమేరియన్, జర్మన్ షెపర్డ్ లాంటి రెండు పొరల బొచ్చు కుక్కలకు వద్దు. పుండు చుట్టూ మాత్రం కత్తిరించండి, గాలి తగులుతుంది.

ఏది ఎమర్జెన్సీ?

తేనెటీగో కందిరీగో కుట్టాక, కొత్త మందో టీకానో వేశాక మొహం ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, వాంతులు లేదా ఊపిరాడని ఆయాసం ఉంటే అప్పటికప్పుడే ఆసుపత్రికి. వీధిలో అడగడం, ఫోన్‌లో వెతకడం తర్వాత.

మందు వాడితే తగ్గుతోంది, ఆపగానే వస్తోంది. ఎన్నాళ్లిలా?

అటోపీ అయితే జీవితాంతం, కానీ ఒకే మోతాదులో కాదు. అన్నాళ్లూ అదుపులో ఉన్న కుక్క ఒక్కసారిగా గోక్కోవడం మొదలుపెడితే మందు పనిచేయడం మానేసిందనుకోకండి. ముందు పురుగుల మందు తేదీ దాటిందా చూడండి. తర్వాత ఇన్ఫెక్షన్ చేరిందేమో చూపించండి. బంటికి పోయిన సెప్టెంబరులో అంకె రెండు నుంచి ఏడుకు ఎగబాకింది. కంగారుపడి డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒకటే, "పురుగుల మాత్ర ఎప్పుడు వేశారు?" నెలనెలా వేయాల్సిన మాత్ర. క్యాలెండర్ చూస్తే జులై 20.